రాజమాత ఎలిజబెత్తు

మన కథలలో రాజకుమారుడు వచ్చి వరించినంతనే కన్య సమ్మతించును, పెండ్లి జరుగును, కథ కంచికి పోవును. కాని నిజముగా జరిగిన యొక చరిత్రలో రాజకుమారుడు రెండుమారులు అడిగినను ఆ కన్య కాదనెను. మూడవమారు అడిగినప్పుడే ఒప్పుకొనెను. ఆమె యేల కాదనెనో, ఒప్పుకొనిన పిమ్మట తన మాటను ఎట్లు నిలుపుకొనెనో తెలిసికొనదగినది. ఆమెయే బ్రిటిషు రాజగు ఆరవ జార్జికి పట్టమహిషియు, రెండవ ఎలిజబెత్తు రాణికి తల్లియు నైన ఎలిజబెత్తు బోస్ లయన్.

ఆమె 1900వ సంవత్సరము ఆగస్టు 4వ తేదీన జన్మించెను. తండ్రి క్లాడ్ బోస్ లయన్, తల్లి సిసీలియా. ఆ దంపతుల పదిమంది సంతానములో ఎలిజబెత్తు తొమ్మిదవది. 1904లో తాతగారు గతింపగా తండ్రికి స్ట్రాత్‌మోర్ ఎర్ల్ అను బిరుదము సంక్రమించెను. బ్రిటిషు ప్రభువర్గమున డ్యూకు, మార్క్విస్ అను వారి తరువాతి అంతస్తు ఎర్ల్‌ది. స్కాట్లండులోని గ్లామ్స్ దుర్గము వారి వంశపు నెలవు. 1372లో ఆ దేశపు రాజగు రెండవ రాబర్టు దానిని సర్ జాన్ లయన్ అను వానికొసగి, పిమ్మట తన కుమార్తెను గూడ ఇచ్చి పెండ్లిచేసెను. షేక్స్‌పియరు మహాకవి నాటకమునందలి మాక్‌బెత్తునకు ‘గ్లామ్స్ ప్రభువు’ అను బిరుదము ఈ స్థలమును బట్టి వచ్చినదే.

ఇట్టి యింట పుట్టినను చట్టము దృష్టిలో ఎలిజబెత్తు సామాన్యురాలే. ఆ దేశపు ఆచారమున బిరుదమును వహించినవాడు మాత్రమే ప్రభువు. బిడ్డలకు ‘లేడీ’ మున్నగు గౌరవ నామములు మాత్రము చెల్లును. అంతకు పూర్వము బ్రిటిషు రాజకుమారులు తరచుగా జర్మనీ మొదలగు దేశముల రాజకన్యలనే పెండ్లాడుచుండిరి. మొదటి ప్రపంచ యుద్ధమున జర్మనీ శత్రుదేశమయ్యెను. అందుచే 1917లో ఐదవ జార్జి రాజు తన వంశనామమును విండ్సర్ అని మార్చుకొనెను. తన బిడ్డలు బ్రిటిషు కుటుంబములతో వియ్యమందవచ్చునని గూడ నిశ్చయించెను. ఆ నిశ్చయమే లేకున్నచో ఎలిజబెత్తు రాణి యగుట దుర్లభము.

ఆ యుద్ధము ఆమె జీవితమును మరియొక విధముగను మార్చెను. 1914 ఆగస్టు 4వ తేదీన ఆమెకు పదునాలుగేండ్లు నిండినవి. ఆ దినముననే బ్రిటను జర్మనీపై యుద్ధము ప్రకటించెను. అన్నలు సైన్యమున చేరిరి. గ్లామ్స్ దుర్గము గాయపడిన సైనికులు కోలుకొను ఆశ్రయమయ్యెను. ఎలిజబెత్తు వారితో పేకాట ఆడుచు, వారి యిండ్లకు ఉత్తరములు వ్రాసి పెట్టుచు, వారి దుఃఖమును మరపించుచుండెను. 1915 సెప్టెంబరులో లూస్ యుద్ధరంగమున ఆమె అన్న ఫెర్గస్ మరణించెను. అప్పటికాతని కూతురు రెండునెలల పసికూన. 1917లో మరియొక అన్న మైకేల్ కనబడకుండ పోయెనని వార్త వచ్చెను. అతడు గాయపడి జర్మనుల చేత చిక్కి బ్రతికియున్నాడని కొన్ని దినములకు గాని తెలియలేదు. రాజ్యములు పోరునప్పుడు ఇండ్లలో ఏమి జరుగునో ఆ బాలిక చిన్ననాడే యెరిగెను.

ఐదవ జార్జి రెండవ కుమారుడు ఆల్బర్టు, యార్కు డ్యూకు. ఆయన బిడియపు స్వభావము కలవాడు; మాట తడబడును. 1921లో ఎలిజబెత్తును తన్ను వివాహమాడుమని కోరెను. ఆమె నిరాకరించెను. 1922లో మరల కోరెను, మరల నిరాకరించెను. ఆమె కాయనపై ద్వేషము లేదు. రాజకుటుంబమున చేరినచో తనకు సరియని తోచిన దానిని తలచుటకును, పలుకుటకును, చేయుటకును స్వేచ్ఛ యుండదని ఆమె వెరచెను. ఆ వెరపు ఉత్తది కాదు. రాజకుటుంబీకులు రాజకీయ విషయములను గూర్చి నోరు మెదపరాదు. ఎక్కడకు పోయినను వేయి కన్నులు వారిని వెంబడించును. తుదకు 1923 జనవరిలో ఆమె సమ్మతించెను. కష్టము తెలియక సమ్మతించుట వేరు. తెలిసి సమ్మతించుట వేరు. ఆమెది రెండవది.

1923 ఏప్రిల్ 26వ తేదీన లండను నగరమందలి వెస్ట్‌మినిస్టర్ ఆబీలో వివాహము జరిగెను. అచట పేరు తెలియని యొక సైనికుని సమాధి కలదు. యుద్ధమున మడిసి, ఎవరో గుర్తింపరాని వీరులందరి పేరను దానిని నెలకొల్పిరి. వధువు లోనికి ప్రవేశించుచు చేతనున్న పూలగుత్తిని ఆ సమాధిపై నుంచెను. అన్న ఫెర్గస్‌ను తలచుకొని ఆమె చేసిన యీ పని, తరువాతి కాలమున రాజకుటుంబపు వధువులకు ఆచారమయ్యెను. వారు వివాహానంతరము తమ పూలగుత్తిని ఆ సమాధికి పంపుదురు.

భర్తకు సభలో మాటాడవలసి వచ్చినప్పుడెల్ల మరణయాతనగా నుండెడిది. 1925లో వెంబ్లీ ప్రదర్శనశాలలో ఆయన చేసిన ఉపన్యాసము విన్నవారికి జాలి కలిగెను. ఆస్ట్రేలియా దేశీయుడగు లయొనెల్ లోగ్ అను వాక్చికిత్సకుని యొద్ద 1926లో ఆయన అభ్యాసము ప్రారంభించెను. ఊపిరిని నియమించుట, పదములను తెమల్చి పలుకుట మున్నగు సాధనలు నిత్యము చేయవలసి యుండెను. భార్య ప్రోత్సాహము ఆయనకు కొండంత అండ. 1927 మే 9వ తేదీన కాన్‌బెరా నగరమున పార్లమెంటు భవనమును ప్రారంభించుచు ఆయన తొట్రుపాటు లేక మాటాడగలిగెను.

వారికి 1926లో ఎలిజబెత్తు, 1930లో మార్గరెట్టు అను కుమార్తెలు కలిగిరి. ఆల్బర్టు రెండవ కుమారుడు గావున రాజ్యభారము తమపై పడదని ఆ దంపతులు నమ్మియుండిరి. కాని 1936 జనవరిలో ఐదవ జార్జి మరణింపగా రాజైన పెద్ద కుమారుడు ఎనిమిదవ ఎడ్వర్డు, విడాకులు పొందిన యొక అమెరికా వనితను పెండ్లాడ గోరి, ఆ డిసెంబరులోనే సింహాసనమును విడిచెను. ఆల్బర్టు ఆరవ జార్జి అను పేర రాజయ్యెను. 1937 మే 12వ తేదీన పట్టాభిషేకము జరిగెను.

ఆనాడు ఎలిజబెత్తు రాణి ధరించిన కిరీటమున కోహినూరు వజ్రము పొదుగబడి యుండెను. మన కృష్ణాతీరమందలి కొల్లూరు గనులలో అది దొరకెనని పలువురి నమ్మకము. 1849లో బ్రిటిషువారు పంజాబును కలుపుకొనినప్పుడు పదేండ్ల బాలుడగు దిలీప్ సింగు మహారాజునుండి దానిని గైకొనిరి. ఒక దేశమున మకుటమణి మరియొక దేశమున పోగొట్టుకొనిన సొత్తు అగుట చరిత్రలో కలదు. ఆ రాణి మనకు ‘చక్రవర్తిని’గా పిలువబడినవారిలో కడపటిది. 1947లో భారతదేశము స్వతంత్రమయ్యెను. 1948లో ఆరవ జార్జి భారత చక్రవర్తి యను బిరుదమును విడిచెను.

రెండవ ప్రపంచ యుద్ధమున ఆమె గుణము నిగ్గుదేలెను. 1940 సెప్టెంబరు 7వ తేదీ మొదలు జర్మను విమానములు వరుసగా 57 రాత్రులు లండనుపై బాంబులు కురిసెను. రాజకుమార్తెలను కెనడాకు పంపుడని కొందరు సలహా చెప్పిరి. తాను లేక బిడ్డలు పోరు, రాజు లేక తాను పోదు, రాజు ఎన్నటికిని దేశమును విడువడు అని రాణి బదులు చెప్పెను. సెప్టెంబరు 13వ తేదీన రాజదంపతులు లోన నుండగానే బకింగ్‌హామ్ భవనముపై బాంబులు పడెను. బీదలు నివసించు తూర్పు లండను అప్పటికే మిక్కిలి దెబ్బతిని యుండెను. తమ యింటిపైనను బాంబు పడినందున ఇక ఆ బీదల ముఖము ధైర్యముగా చూడగలమని ఆమె పలికెను. కూలిన యిండ్ల నడుమ నడచి, అన్నియు పోగొట్టుకొనినవారిని ఆమె స్వయముగా పలుకరించెను.

1952 ఫిబ్రవరి 6వ తేదీన రాజు నిద్రలోనే కన్నుమూసెను. ఆయన వయస్సు 56 ఏండ్లు, ఆమెకు 51. పెద్ద కుమార్తె రాణి యయ్యెను. తల్లి ‘రాజమాత’ యయ్యెను. దుఃఖమున ఆమె కొంతకాలము స్కాట్లండు ఉత్తరపు కొసన గడపి, అచట శిథిలమగుచున్న మే దుర్గమును కొని బాగుచేయించెను. పిమ్మట మరల ప్రజాకార్యములందు ప్రవేశించెను. 1955 నుండి 1980 వరకు లండను విశ్వవిద్యాలయమునకు కులపతిగా నుండెను. 2002 ఫిబ్రవరిలో చిన్న కుమార్తె మార్గరెట్టు మరణించెను. మార్చి 30వ తేదీన, నూటొక్క యేండ్ల వయస్సున, రాజమాతయు విండ్సరులో తనువు చాలించెను. ఆమెను భర్త ప్రక్కనే ఉంచిరి.

ఆమె శవపేటికపై నుంచిన పుష్పమాలను, ఆమె కోరిక ననుసరించి, ఆబీలోని పేరు తెలియని సైనికుని సమాధిపై సమర్పించిరి. ఇరువది రెండేండ్ల వధువుగా తొలినాడు పూలుంచిన చోటనే కడపటి పూలును చేరినవి.

బాలబాలికలారా! కిరీటము నిచ్చునది పుట్టుకయో పెండ్లియో కావచ్చును. కాని ఇచ్చిన మాటను డెబ్బదియెనిమిదేండ్లు నిలుపుకొనుట యెవరును ఇచ్చునది కాదు. అది ఎవరికి వారు సంపాదించుకొనవలసినదే.