ఈస్టరు మరునాడు పడిన బాంబులు: జపాను సైనిక విస్తరణ, తెలుగు క్రైస్తవ సంఘము

మిషనాలజీ పరీక్షలో "తాంబరము, 1938" అన్న ప్రశ్న వస్తే మన విద్యార్థులు హెండ్రిక్ క్రేమర్ పేరుతో జవాబు మొదలుపెడతారు. అన్యమతములను గురించి క్రేమర్ ఏమన్నాడు, నెల్లూరు నుండి వచ్చిన మన పి. చెంచయ్య, ఆయన మద్రాసు మిత్రులు దానికి ఏమని బదులు చెప్పారు అన్నది నాలుగు పేజీలు వ్రాస్తారు. ఆ మహాసభ తాంబరములోనే ఎందుకు జరిగిందని మాత్రము ఎవరూ అడగరు. నిజానికి అది జరగవలసిన చోటు తాంబరము కాదు, చైనా దేశములోని హాంగ్‌చౌ నగరము. 1937 జూలైలో జపాను చైనాపై పూర్తి యుద్ధము మొదలుపెట్టింది. ఆ సంవత్సరము డిసెంబరు 24న, క్రిస్మసుకు ముందురోజు, హాంగ్‌చౌ జపాను సైన్యము వశమైంది. అప్పటికి పదకొండు రోజుల క్రితము నాన్‌కింగ్ పడిపోయి, అక్కడ ఊచకోత సాగుతూ ఉంది. అందుచేత అంతర్జాతీయ మిషనరీ మండలి తన సభను మద్రాసు దగ్గరకు మార్చుకొనవలసి వచ్చింది. 1938 డిసెంబరులో 69 దేశముల నుండి, ప్రాంతముల నుండి 471 మంది ప్రతినిధులు మద్రాసు క్రైస్తవ కళాశాలలో కూడుకొన్నారు. అప్పటి భారత జాతీయ క్రైస్తవ మండలి అధ్యక్షుడు దోర్నకల్ బిషప్పు వి.ఎస్. అజరయ్యగారు. యుద్ధములో ఉన్న రెండు దేశముల వారు, చైనీయులు, జపానీయులు, ఆ సభలో ఒకే బల్ల దగ్గర ప్రభువు సంస్కారము తీసుకొన్నారు.

అంటే మన వేదాంత పాఠ్యాంశములో ఒక ముఖ్యమైన అధ్యాయము జపాను సైనిక విస్తరణ వలన మన గడప దగ్గరకు వచ్చినదే. ఈ వ్యాసములో ఆ విస్తరణ ఎలా జరిగింది, అది తెలుగువారిని ఎక్కడెక్కడ తాకింది, దాని ముందు సంఘము ఎలా నిలిచింది, ఎక్కడ నిలువలేకపోయింది అన్నది పరిశీలించుదాము.

విస్తరణకు మూలములు

అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో గ్రూప్స్ పరీక్షలకు చదువుకొనే యౌవనస్థులు, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో ప్రొద్దుటి నుండి సీటు పట్టుకొని కూర్చొనే పిల్లలు ఈ తేదీలన్నీ మనకంటె బాగా చెప్పగలరు. 1895లో తైవాను, 1905లో రష్యాపై విజయము, 1910లో కొరియా విలీనము, 1931 సెప్టెంబరులో మంచూరియా, 1933లో నానాజాతి సమితి నుండి నిష్క్రమణ, 1937లో చైనా. వారిలో కొందరు ఆదివారము మన ఆరాధనలకూ వస్తారు. తేదీలు వారికి తెలుసు గనుక నేను కారణముల దగ్గర ఆగుతాను.

జపానుకు పెరిగిన పరిశ్రమలు ఉన్నాయి, వాటికి కావలసిన నూనె, ఇనుము, రబ్బరు లేవు. 1929 తరువాత ప్రపంచమంతటా వర్తకము కుప్పకూలినప్పుడు ఎగుమతులపై బ్రదికే ఆ దేశము బాగా దెబ్బతిన్నది. అక్కడి సైన్యము మంత్రిమండలికి గాక నేరుగా చక్రవర్తికి జవాబుదారీ. అందువలన మంచూరియాలోని సైన్యాధికారులు ప్రభుత్వమును అడుగకుండనే యుద్ధము మొదలుపెట్టగలిగారు. ప్రభుత్వము ఆపలేక తరువాత ఒప్పుకొన్నది. చైనాలో యుద్ధము ముగియలేదు. 1941 జూలైలో జపాను దక్షిణ ఇండోచైనాలో ప్రవేశించగా, అమెరికా నూనె అమ్మకము నిలిపివేసింది. జపాను వాడే నూనెలో ఎక్కువ భాగము అమెరికాదే. ఉన్న నిల్వలు తరిగిపోకముందే డచ్చివారి ఈస్టిండీస్ నూనె బావులు పట్టుకొనవలెను, లేదా చైనా నుండి వెనుకకు మరలవలెను. జపాను పాలకులు మొదటిది ఎంచుకొన్నారు.

ఇంకొక మాట చెప్పవలెను. 1905లో ఒక ఆసియా దేశము యూరోపు సామ్రాజ్యమును ఓడించినప్పుడు భారతదేశములో చదువుకొన్నవారెందరో సంతోషించారు. "ఆసియా ఆసియావారిదే" అన్న నినాదము అందుకే ఇక్కడ కొందరి చెవులకు ఇంపుగా వినబడింది. బ్రిటిషువారి పాలన అన్యాయమన్నది నిజమే. అయితే కొరియాలో, చైనాలో, తరువాత మలయాలో జపాను సైన్యము చేసినది చూచినవారు దానిని విమోచన అనలేరు. ఈనాటికీ కొన్ని ప్రసంగములలో ఆ యుద్ధమును ఆసియా విమోచన యుద్ధమని చెప్పడము విన్నాను. హబక్కూకు మొదటి అధ్యాయమును జాగ్రత్తగా చదివినవారికి ఆ పొరబాటు ఉండదు. కల్దీయులు యూదా దోషమునకు శిక్షగా వచ్చారు, అయినా వారు నీతిమంతులు కాలేదు. ప్రవక్త అడిగిన కష్టమైన ప్రశ్న అదే.

హైదరాబాదు సైనికులు, కోస్తా పట్టణములు

పెర్ల్ హార్బరుతో పసిఫిక్ యుద్ధము మొదలైనదని పాఠ్యపుస్తకములు చెబుతాయి. గడియారము చూస్తే దానికి గంటకు పైగా ముందే మలయాలోని కోట బహ్రూ తీరములో జపాను సైన్యము దిగింది. అక్కడ అది 1941 డిసెంబరు 8, అర్ధరాత్రి దాటిన వేళ. ఆ ఊరి విమానాశ్రయమునకు కాపలాగా ఉన్నది నిజాము ప్రభుత్వపు ఒకటవ హైదరాబాదు పదాతి దళము. ఆ గందరగోళములో దళము చెదరిపోయింది, దాని అధిపతియైన కల్నల్ కూడ ప్రాణము కోల్పోయాడు. అంటే ఆ యుద్ధపు మొదటి గంటలలోనే ఈ నగరము పేరు పెట్టుకొన్న సైనికులు దాని ఎదుట నిలిచి ఉన్నారు. నిజాము ఇచ్చిన ధనముతో బ్రిటిషు వైమానిక దళములో హైదరాబాదు పేరుతో స్క్వాడ్రన్లు నడిచేవి. వాటిలో 152వ స్క్వాడ్రన్ చివరికి బర్మా యుద్ధములో పనిచేసింది. దాని చిహ్నముపై నిజాము తలపాగా ఉండేది. నారాయణగూడ, చిక్కడపల్లి వీధులలో ఈ సంగతి తెలిసినవారు ఇప్పుడు అరుదు.

1942 ఫిబ్రవరి 15న సింగపూరు, మార్చి 8న రంగూన్ జపాను వశమైనవి. ఏప్రిల్ 5 ఈస్టరు ఆదివారము. ఆ ఉదయము నగుమో నౌకాదళపు విమానములు కొలంబోపై దాడి చేశాయి. మరునాడు, సోమవారము, బంగాళాఖాతములో తిరుగుచున్న ఓజావా దళములోని ర్యూజో అను విమానవాహక నౌక నుండి వచ్చిన విమానములు విశాఖపట్నముపైన, కాకినాడపైన బాంబులు వేశాయి. విశాఖ రేవు 1933లో తెరిచినది. సింధియా కంపెనీ ఓడల నిర్మాణ కేంద్రమునకు బాబూ రాజేంద్రప్రసాద్ 1941 జూన్‌లోనే శంకుస్థాపన చేశారు. జపానుకు ఆ రేవు లక్ష్యము కావడములో ఆశ్చర్యము లేదు. ప్రాణనష్టము ఇతర పట్టణములతో పోల్చితే కొద్దిదే. భయము మాత్రము కొద్దిది కాదు. జనము మూటాముల్లె సర్దుకొని లోపలి పల్లెలకు తరలిపోయారు. మద్రాసులోనూ అంతే. అక్కడ ప్రభుత్వమే తన కార్యాలయములు కొన్నిటిని లోపలి ఊళ్లకు మార్చి, పనిలేనివారిని నగరము విడువమన్నది. ఆనాటి బాంబు ఒకటి విశాఖ మ్యూజియములో చూడవచ్చు.

ఈ రెండు పట్టణములు మిషను చరిత్రలో చిన్నవి కావు. తెలుగు దేశములో మొదటి ప్రొటెస్టెంటు మిషనరీలైన క్రాన్, డెగ్రాంజెస్ 1805లో విశాఖలో దిగారు. కెనడియన్ బాప్తిస్టు మిషను 1874లో కాకినాడ నుండే పని ఆరంభించింది. పునరుత్థాన దినపు ఆరాధన ముగించుకొన్న సంఘములు మరునాడు ఆకాశము నుండి పడిన బాంబుల శబ్దము విన్నాయి. ఈస్టరు సోమవారమున ఎమ్మాయు త్రోవను గురించి ప్రసంగించు కాపరులకు ఈ తేదీ జ్ఞాపకముండదగినది.

బర్మా త్రోవ

అయితే తెలుగువారికి నిజమైన వేదన రేవులలో కాదు, బర్మా అడవులలో కలిగింది. గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల నుండి మూడు తరములుగా కూలీలు రంగూన్ వెళ్లేవారు. కాకినాడ ప్రక్కనున్న కోరంగి రేవు పేరున వారిని అక్కడ "కోరంగీలు" అని పిలిచేవారు, ఆ పిలుపులో గౌరవము లేదు. రేవులో బస్తాలు మోయుట, రిక్షాలు లాగుట, ధాన్యపు మిల్లులలో పని, ఇవే వారి బ్రదుకు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో పది లక్షలకు మించి భారతీయులు ఉన్నారు. రంగూన్ నగరములో సగము కంటె ఎక్కువ భారతీయులే. 1930 మేలో తెలుగు రేవు కూలీలు ఎక్కువ కూలి కోసము సమ్మె చేయగా, వారి స్థానములో బర్మీయులను పెట్టుకొన్నారు. సమ్మె తీరి బర్మీయులను పంపివేసినప్పుడు అల్లరులు చెలరేగి తెలుగువారు అనేకులు హతులయ్యారు. 1942లో పారిపోవలసి వచ్చినప్పుడు వారి మనస్సులలో జపాను భయమొకటే లేదు, ఈ జ్ఞాపకము కూడ ఉంది.

1941 డిసెంబరు 23న రంగూన్‌పై మొదటి దాడి జరిగింది. రేవు కూలీలే ముందు చనిపోయారు, ముందు పారిపోయారు. ఓడ టిక్కెట్టు కొనగలిగినవారు సముద్రముపై వచ్చారు. మిగిలినవారు నడిచారు. కొందరు తౌంగప్ కనుమ దాటి అరకాన్ తీరము వెంట చిట్టగాంగుకు, కొందరు తము మీదుగా మణిపురమునకు, ఆలస్యముగా బయలుదేరినవారు హుకాంగ్ లోయ గుండా అస్సాముకు చేరారు. మొత్తము నాలుగైదు లక్షల మంది ఇండియా చేరారని అంచనా. కలరా, మలేరియా, ఆకలి, వానలతో త్రోవలో చనిపోయినవారి సంఖ్య పదివేలకు తగ్గదని అందరూ ఒప్పుకొంటారు. యాభైవేలు దాటిందని చెప్పే చరిత్రకారులూ ఉన్నారు. తెల్లవారికి మేలైన త్రోవ, మేలైన విడిది, నల్లవారికి మరొకటి అన్న ఆరోపణ అప్పుడే భారత నాయకులు చేశారు. అది వట్టి ఆరోపణ కాదన్నది నా అభిప్రాయము.

బాప్తిస్టు మిషనరీలు 19వ శతాబ్దము చివర నుండే రంగూన్, మోల్మేన్ పట్టణములలో తెలుగు, తమిళ కూలీల మధ్య సేవ చేశారు. వారి సంఘములవారూ ఈ త్రోవలోనే నడిచారు. మనము నిర్గమకాండము బోధించునప్పుడు ఎడారి ఎలా ఉంటుందో ఊహించుకొంటాము. మన సొంత పెద్దలు నడిచిన అడవి ఒకటి ఉన్నదన్న ఊహ మనకు రాదు.

మలయాలో మిగిలిపోయిన రబ్బరు తోటల కూలీల గతి వేరు. 415 కిలోమీటర్ల సయాము-బర్మా రైలుమార్గము కోసము జపాను సైన్యము లక్షా ఎనభైవేలకు పైగా ఆసియా కూలీలను తరలించింది. వారిలో సుమారు తొంభైవేల మంది చనిపోయారని అంచనా. తమిళులు ఎక్కువ, తెలుగువారు వారి ప్రక్కనే. యుద్ధఖైదీలైన తెల్లవారికి అక్కడ వరుసగా సమాధులు ఉన్నాయి. ఈ కూలీలలో అత్యధికులకు పేరు చెక్కిన రాయి లేదు. బర్మా బియ్యము ఆగిపోవడము 1943 బెంగాలు కరువునకు ఒక కారణము. ప్రభుత్వము పడవలను, ధాన్యమును తీరము నుండి తొలగించడము, యుద్ధకాలపు ధరలు, అధికారుల నిర్లక్ష్యము కూడ కారణములే. ముప్పది లక్షల మంది చనిపోయారని సాధారణముగా ఒప్పుకొనే లెక్క.

గుడి ముందు వంగుట

మన విద్యార్థులు బార్మెన్ ప్రకటన, 1934 అని వెంటనే చెప్పగలరు. ఆసియాలో అదే కాలములో సంఘమునకు వచ్చిన శోధన వారికి తెలియదు. షింటో గుడి ముందు వంగుట మతము కాదు, పౌరధర్మము మాత్రమే అని జపాను ప్రభుత్వము చెప్పింది. 1938 సెప్టెంబరులో కొరియా ప్రెస్బిటేరియన్ మహాసభ, పోలీసులు కూర్చొని చూచుచుండగా, ఆ మాటనే తీర్మానముగా ఒప్పుకొన్నది. ఒప్పుకొనని కాపరి చు కి-చోల్ అనేక పర్యాయములు చెరలో పడి, 1944 ఏప్రిల్‌లో ప్యాంగ్యాంగ్ చెరసాలలోనే మరణించాడు. దానియేలు మూడవ అధ్యాయము వారికి ఆదివారపు బడి కథ కాదు.

జపానులో 1941 జూన్‌లో ముప్పదికి పైగా ప్రొటెస్టెంటు శాఖలు ప్రభుత్వ ఒత్తిడి క్రింద క్యోదాన్ అను ఒకే సంఘముగా చేరాయి. ఐక్యత మంచిదే అని మనము దక్షిణ ఇండియా సంఘము ఐక్యతకై శ్రమించిన కాలమది గనుక, ఈ పోలిక దగ్గర ఆగి ఆలోచించవలెను. ఇక్కడ సంఘములు వేదాంతము తర్కించి ఇరవై ఎనిమిదేండ్లకు ఒకటయ్యాయి. అక్కడ చట్టము ఒకటి చేసింది. 1942 జూన్ నుండి హోలినెస్ శాఖ కాపరులు నూరుమందికి పైగా అరెస్టయ్యారు. వారి నేరము రెండవ రాకడ బోధ. క్రీస్తు తిరిగి వచ్చి రాజులందరికీ తీర్పు తీర్చునంటే, చక్రవర్తికి కూడానా అని పోలీసులు అడిగారు. మనము వారమువారము నిశ్చింతగా బోధించు సిద్ధాంతము కొందరిని చెరసాలలో చంపింది. అదే క్యోదాన్ 1944లో ఆసియా దేశముల క్రైస్తవులకు ఒక పత్రిక వ్రాసి, అపొస్తలుని పత్రికల ధోరణిలో జపాను యుద్ధమును సమర్థించింది.

తాంబరమునకు వచ్చిన కాగావా టోయోహికోను మన పెద్దలు ఎంతో గౌరవించారు. 1939 జనవరిలో ఆయన గాంధీగారిని కలిసినప్పుడు, ప్రాణమునకు తెగించియైనా యుద్ధమును బహిరంగముగా ఖండించమని గాంధీగారు ఆయనకు చెప్పారు. 1940 ఆగస్టులో సైనిక పోలీసులు కాగావాను అరెస్టు చేశారు. యుద్ధము చివరిలో ఆయనే అమెరికాకు వ్యతిరేకముగా రేడియోలో మాట్లాడాడు. ఆయనను పరిశుద్ధునిగానో పిరికివానిగానో తీర్మానించుట తేలిక. నాకు ఆ రెండూ సరిగా తోచవు.

1967 ఈస్టరు ఆదివారమున క్యోదాన్ అధ్యక్షుడు సుజుకి మసహిస పేరున ఒక ఒప్పుకోలు ప్రకటన వెలువడింది. యుద్ధములో సంఘము కావలివాని పని చేయలేదని, ఆసియా ప్రజల క్షమాపణ కోరుతున్నామని దాని సారాంశము. సొంత సభ్యులలో అనేకులు దానిని వ్యతిరేకించారు. సెమినరీలలో బార్మెన్‌తో పాటు ఈ ప్రకటన కూడ పాఠముగా పెట్టదగినది.

కోస్తా సంఘములలో సేవచేయు కాపరులకు ఒక పని ఉన్నది. 1942, 1943 సంవత్సరముల బాప్తిస్మపు, వివాహపు రిజిష్టర్లు పురుగు పట్టకముందే తీయండి. బదిలీ పత్రములపై రంగూన్, మోల్మేన్, అక్యాబ్ అని ఉన్న పేర్లను వేరే పుస్తకములో ఎత్తి వ్రాయండి. ఆ కుటుంబముల మనుమలు, మునిమనుమలు ఇప్పుడు హైదరాబాదు సంఘములలోనూ ఉండవచ్చు. శతజయంతి సంచికలలో మిషనరీ ఫోటో ప్రక్కన ఈ పేర్ల పట్టికకు ఒక పుట చాలును.