అరికాళ్లకూ కాస్త ఆలన

పండుగనాడు కాళ్లకు పసుపు రాసుకుంటాం, పారాణి పెట్టుకుంటాం, ముచ్చటపడి పట్టీలు కొనుక్కుంటాం. పాదానికి ఇంత మర్యాద చేస్తూ మడమ వంక మాత్రం చూడం. కార్తీకమాసపు చలిగాలి తగిలేసరికి అది నెర్రెలు విచ్చిన చేనులా తయారవుతుంది. దుప్పటి దారాలు ఆ పగుళ్లలో చిక్కుకున్నప్పుడు గాని మనకు దాని సంగతి గుర్తు రాదు.

మలక్‌పేటలో మా ఇంట జరిగింది చెబుతాను. తెల్లవారింది మొదలు తాండూరు బండల మీద వట్టికాళ్లతో తిరగడం, వెనుక పట్టీలేని చెప్పులతో గంజ్ దాకా వెళ్లి ఉల్లిగడ్డలు తేవడం మా అత్తగారి అలవాటు. మడమలకు రాసుకోమని నేనొకసారి క్రీము తెచ్చి ఇస్తే, "కాళ్లకు స్నో ఏమిటే తల్లీ, నేనేమన్నా పెళ్లికూతురినా?" అని నవ్వి అలమరలో పెట్టేశారు.

ఆవిడకు పదేళ్లుగా మధుమేహం. ఆ చలికాలంలో ఒకనాడు బండల మీద నెత్తుటి మరక కనిపించింది. చూస్తే మడమ చీలి చీము పట్టింది. "నొప్పి లేదు గదా అని చెప్పలేదు" అన్నారు. నొప్పి లేకపోవడమే అసలు ప్రమాదమన్నారు డాక్టరుగారు. ఏళ్ల తరబడి ఉన్న మధుమేహంలో పాదాల నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గవచ్చు. అప్పుడు గాయమైనా తెలియదు, త్వరగా మానదు. ముదిరితే కాలికే ముప్పు. రెండు నెలల కట్లతో మా అదృష్టం కొద్దీ మానింది.

ఇంతకూ మడమే ఎందుకు పగులుతుంది? అరికాలి చర్మంలో చెమట గ్రంథులున్నాయి గాని నూనె గ్రంథులు లేవు. పైగా అక్కడి చర్మం మందం. తేమ ఆరితే బిరుసెక్కి, ఒంటి బరువు పడినప్పుడు సాగలేక చీలుతుంది. మన పూర్వులకు ఇది తెలియనిది కాదు. సుశ్రుతుడు దీన్ని 'పాదదారి' అన్నాడు. నెయ్యి, తేనెమైనం చేరిన లేపం చెప్పాడు. 1872లో అమెరికాలో చీజ్‌బ్రో అనే రసాయనజ్ఞుడు పేటెంటు పొందిన వాజలైన్ చేసే పని కూడా ఉన్న తేమ పోకుండా మూత వేయడమే.

మూత వేయాలంటే లోపల నీరుండాలి గదా! అందుకే పొడి మడమకు ఎంత రాసినా ఫలితం తక్కువ. రాత్రి పడుకోబోయే ముందు గోరువెచ్చని నీటిలో పాదాలను 10 నిమిషాలు నాననిచ్చి, గరుకురాయితో మెల్లగా రుద్ది, అద్దినట్టు తుడిచి, తడి పూర్తిగా ఆరకముందే క్రీము రాసి నూలు మేజోళ్లు తొడగండి. వేళ్ల సందుల్లో మాత్రం రాయకండి. అక్కడ తేమ నిలిస్తే బూజుతెగులు చేరుతుంది. మధుమేహం ఉన్నవారు నానబెట్టడం, రుద్దడం మాని, కడిగి తుడిచి రాసుకుంటే చాలు.

యూరియా క్రీము అనగానే పొలంలో చల్లేది గదా అని వెరవకండి. అది మన చర్మంలో సహజంగా ఉన్న పదార్థమే. నూటికి 10 పాళ్లుంటే తేమను పట్టి ఉంచుతుంది. 20, 25 పాళ్లుంటే మందపు చర్మాన్ని మెత్తబరుస్తుంది. చీలిక విచ్చుకొని ఉన్నచోట మండుతుంది, జాగ్రత్త. బ్లేడుతో చెక్కడం ఎవరికీ తగదు. నెత్తురు, చీము, వాపు కనిపిస్తే చిట్కాలు కట్టిపెట్టి డాక్టరు దగ్గరకు వెళ్లండి. మధుమేహం ఉంటే చిన్న చీలికకైనా వెళ్లవలసిందే.

ఇప్పుడు అలమరలోని క్రీము మా అత్తగారి తలగడ పక్కకు చేరింది. రోజూ రాత్రి మనవరాలు ఆవిడ పాదాలు పరిశీలించి, తానే రాస్తుంది. "ఇప్పుడు పెళ్లికూతురివే నాయనమ్మా!" అంటుంది.

పండుగలకు పెద్దల పాదాలకు నమస్కరిస్తాం గదా. ఈసారి వంగినప్పుడు ఒక్కక్షణం ఆగి, వారి మడమలు కూడా చూడండి. వారు చెప్పని సంగతి అక్కడ కనిపించవచ్చు.