నల్ల పొగ వస్తోందా? ఇంజను విప్పే ముందు ఒక్క నిమిషం!

మాది వీరులపాడు. వైరా ఏటి పక్కన మా బాబాయ్‌కి ఎకరంన్నర మిర్చి తోట ఉంది. పోయిన జనవరిలో, సరిగ్గా కాయ ఊరే టైముకి, ఆయిల్ ఇంజను మొరాయించింది. స్టార్టవుతుంది, కానీ ఒకటే నల్ల పొగ. పైపులో నీళ్లేమో సన్నగా వస్తున్నాయి. నందిగామ నుంచి వచ్చిన మెకానిక్ ఒక్క చూపు చూసి "రింగులు పోయాయి, ఇంజను దించాలి, పదిహేను వేలవుద్ది" అన్నాడు. రెండు తడులు తప్పితే తోట పనైపోయినట్టే. బాబాయ్ అప్పు కోసం ఫోన్లు మొదలెట్టాడు.

"నువ్వు చదివేది ఇదేగా, చూడరా" అన్నాడు నాతో. నాది డిప్లొమా మెకానికల్, రెండో ఏడాది. పరువు సమస్య!

డీజిల్ ఇంజనుకి స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ మండుతుంది. ఆ మంట ఎలా ఉందో పొగే చెప్పేస్తుంది. నీలం పొగ వస్తే ఇంజనాయిల్ కాలుతోందని. రింగులో, వాల్వ్ గైడ్లో అరిగాయన్నమాట. ఇంజను వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే డీజిల్ సరిగ్గా మండకుండానే బయటికొస్తోందని. కంప్రెషన్ తగ్గినా, టైమింగ్ తప్పినా, డీజిల్లో నీళ్లు కలిసినా ఇదే వరస. నల్ల పొగంటే డీజిల్ ఎక్కువైంది, గాలి చాలట్లేదు.

మాది నలుపు. పైగా ఆయిల్ లెవల్ తగ్గలేదు. మరి రింగులెలా పోతాయి?

ఎయిర్ ఫిల్టర్ కడిగాను. తేడా లేదు. నాజిల్ విప్పి చెక్ చేయించాను. బాగానే ఉంది. సగం రోజు పోయింది, బాబాయ్ మొహం చూడలేకపోయాను. అప్పుడు గట్టు మీద కూర్చున్న ఓ పెద్దాయన, ఒకప్పటి లారీ డ్రైవర్, "లోపలికి గాలి పోయేది చూశావు సరే, పొగ బయటికెళ్లే దారి చూశావా అబ్బాయ్?" అన్నాడు.

సైలెన్సర్ ఊడదీసి ఒక్క నిమిషం నడిపాం. చెవులు పగిలే మోత! కానీ పొగ పలచబడింది, పైపు నిండా నీళ్లు. (మీరు చేస్తే ఇంజను చల్లారాక విప్పండి, నిప్పురవ్వలు పడే చోట ఎండుగడ్డి లేకుండా చూడండి. మూసిన షెడ్డులో మాత్రం నడపొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనుండదు, ప్రాణం తీస్తుంది.)

సైలెన్సర్ తట్టితే గుప్పెళ్ల కొద్దీ మసి రాలింది. కారణం బాబాయ్ పొదుపే. డీజిల్ మిగులుతుందని రోజూ ఇంజన్ని బాగా స్లోగా నడిపేవాడు. అలా నడిపితే ఇంజను సరిగ్గా వేడెక్కదు, డీజిల్ పూర్తిగా కాలదు, మిగిలింది మసై గొట్టంలో పేరుకుంటుంది.

ఇది మా ఏటి ఒడ్డు జబ్బే అనుకునేరు! 2017-18లో విశాఖ అమ్మాయి పి. స్వాతితో కలిపి ఆరుగురు నేవీ మహిళలు 'తరిణి' మీద భూమి చుట్టొచ్చారు చూడండి, అలాంటి తెరచాప పడవల్లోనూ డీజిల్ ఇంజను ఉంటుంది. కేవలం బ్యాటరీల చార్జింగ్ కోసం గంటలకొద్దీ స్లోగా నడిపితే వాటికీ ఇదే తంటా. చాలా పడవల్లో పొగని చల్లార్చడానికి సముద్రపు నీళ్లని పొగగొట్టంలోకే వదులుతారు. ఆ నీళ్లు కలిసే వంపులో మసికి ఉప్పు తోడై దారి మూసుకుపోతుంది. చలి పొద్దున వచ్చే తెల్లటిది మాత్రం చాలాసార్లు ఉత్త ఆవిరే. ఇట్టే గాల్లో కలిసిపోతుంది. పొగైతే వేలాడుతుంది.

మూడో రోజుకి తోట మొత్తం తడిసింది. అప్పు ఇస్తానన్నాయనకి బాబాయ్ ఫోన్ చేసి వద్దన్నాడు. ఇప్పటికీ అలవాటు కొద్దీ ఇంజను స్లో చేయబోతే పిన్ని గట్టు మీంచే అరుస్తుంది: "మళ్లీ మసి పట్టిస్తావా ఏంది!"