రోటరీ యంత్రాల సన్యాసి

1922 జనవరిలో పోలెండులోని క్రాకో నగరం నుండి ఒక చిన్న మాసపత్రిక వెలువడింది. అచ్చయినవి 5,000 ప్రతులు. సంపాదకుడు మాక్సిమిలియన్ కోల్బే ఫ్రాన్సిస్కన్ సభకు చెందిన యువ గురువు. క్షయవ్యాధి అప్పటికే ఆయన ఊపిరితిత్తులను తినివేస్తున్నది. పై అధికారులు పత్రికకు అనుమతి ఇచ్చారు గాని పైకం ఇవ్వలేదు. ఆయన ఇంటింటికీ వెళ్లి చేయి చాచాడు.

పత్రిక పేరు ‘అమలోద్భవి మాత వీరభటుడు’. 1917లో రోములో చదువుకుంటున్నప్పుడే కోల్బే ఆరుగురు సహచరులతో ఒక సంఘం స్థాపించాడు. సన్యాసులే గాక గృహస్థులూ అందులో చేరవచ్చు. వారందరినీ కలిపే సూత్రంగా పత్రిక పుట్టింది. ఆ ఏడాదే ముద్రణ గ్రోడ్నో మఠానికి మారింది. అక్కడ ఉన్నది ఒక పాత చేతి యంత్రం. చక్రం త్రిప్పి త్రిప్పి సహోదరుల భుజాలు పడిపోయేవి.

1927లో ఒక రాజవంశీకుడు వార్సా నగరానికి పశ్చిమాన తెరెసిన్ వద్ద భూమి దానం చేశాడు. అక్కడ లేచిన కొయ్య పాకలే ‘నియెపోకలానువ్’, అనగా అమలోద్భవి నగరం. 1939 నాటికి అందులో ఏడు వందలమందికి పైగా నివసించారు. కంపోజిటర్లు, వడ్రంగులు, దర్జీలు, చెప్పులు కుట్టేవారు, చివరకు అగ్నిమాపక దళం, అందరూ సన్యాసులే. ఒంటిపై మాసికల అంగీ, ఎదుట సరికొత్త రోటరీ యంత్రం! పత్రిక ప్రతులు ఏడున్నర లక్షలకు చేరాయి. 1938లో రేడియో ప్రసారం కూడ మొదలయింది.

అంతకు ముందే, 1930లో, కోల్బే సహోదరులతో నాగసాకిలో దిగాడు. జపాను భాష ఒక్క ముక్క రాదు. అయినా నెల తిరిగేసరికి జపాను భాషలో 10,000 ప్రతులు! ఆయన లాటిన్‌లో వ్రాసినదానిని స్థానికులు అనువదించారు. భాష ఎరుగని సంపాదకుడు అనువాదకులను ఇంతగా నమ్మిన సందర్భాలు అరుదు. 1932లో ఇటువంటి కేంద్రానికై మన మలబారు తీరానికీ వచ్చాడు, అది నిలదొక్కుకోలేదు.

ఈ కథలో నీడలు లేకపోలేదు. 1935లో మఠం ప్రారంభించిన చౌక దినపత్రికలో యూదులపై ద్వేషం చిమ్మిన వ్రాతలు వచ్చాయి. కోల్బే అప్పుడు జపానులోనే ఉన్నా, 1936లో తిరిగివచ్చి మఠాధిపత్యం వహించాడు. ఆయన బాధ్యత ఎంత అన్న వివాదం ఇంకా తెగలేదు. యుద్ధం వచ్చాక అదే మఠం వేలాది నిర్వాసితులకు ఆశ్రయమిచ్చింది. వారిలో యూదులెందరో ఉన్నారు.

1941 ఫిబ్రవరి 17న గెస్టపో ఆయనను నిర్బంధించింది. ఔష్‌విట్జ్‌లో ఆయన సంఖ్య 16670. జూలై చివర ఒక ఖైదీ తప్పించుకున్నాడని పదిమందిని ఆకలిచావుకు ఎంపిక చేశారు. వారిలో ఫ్రాన్సిషెక్ గయోవ్నిచెక్ అనే సైనికుడు భార్యాబిడ్డలను తలచి విలపించాడు. కోల్బే వరుసలోనుండి ముందుకు వచ్చి అతని స్థానం కోరాడు. నేలమాళిగలో రెండు వారాలు గడిచినా ప్రాణం పోలేదు; ఆగస్టు 14న విషపు సూది వేశారు.

పత్రిక 1945లో మళ్లీ వెలువడింది. 1982 అక్టోబరు 10న రెండవ జాన్ పాల్ పోపు కోల్బేను పునీతునిగా ప్రకటించిన సభలో వృద్ధుడైన గయోవ్నిచెక్ కూర్చుని ఉన్నాడు. ఆయన 1995 వరకు జీవించాడు.