ఆకాశమున ఊపిరి

కోనసీమ సముద్రమట్టమునకు కొలది అడుగుల ఎత్తున మాత్రమే యున్నది. కొబ్బరిచెట్టు కొసకెక్కిన దింపు కార్మికునకు శ్రమచే ఆయాసము కలుగవచ్చును గాని గాలి పలుచనైనట్లు తోచదు. 18,000 అడుగుల ఎత్తునకు పోయినచో వాయుపీడనము ఇచటి దానిలో సగమే. అచటను గాలిలో ప్రాణవాయువు నూటికి 21 పాళ్లే. కాని గాలియే పలుచనగుటచే ఒక్కొక్క ఊపిరితో రక్తమునకు చేరునది తగ్గిపోవును.

కావుననే మధురపూడినుండి హైదరాబాదునకు పోవు విమానములోనికి గాలిని అదిమి పంపుదురు. విమానమెంత యెత్తున నెగిరినను, లోపలి గాలి 8,000 అడుగుల కొండపైనుండు గాలికన్న పలుచన కాకుండ చూతురు.

ఆ యేర్పాటు చెడినచో చోదకునకు వెంటనే తెలియునా? తెలియకపోవచ్చును. చిక్కంతయు ఇచటనే యున్నది. మనము ఊపిరి బిగబట్టినపుడు కలుగు ఉక్కిరిబిక్కిరి, బొగ్గుపులుసు వాయువు రక్తమున పేరుకొనుటవలన కలుగునది. పలుచని గాలిలో ఆ వాయువు ఊపిరితో వెలికి పోవుచునే యుండును. బాధ యుండదు, వివేకము మాత్రము సడలిపోవును. కొందరికి ఉల్లాసము సైతము కలుగును.

1875 ఏప్రిల్ 15న ఫ్రాన్సు దేశమున ముగ్గురు సాహసికులు 'జెనిత్' అను బెలూనులో 26,000 అడుగులు మించి ఎగిరిరి. ప్రాణవాయువు నింపిన సంచులు వారి చెంతనే యుండెను. అయినను వానిని నోటికందించుకొనుటకు చేయి లేవలేదు! ఇంతకన్న దయనీయమైన దేమి కలదు? ఇద్దరు మరణించిరి. బ్రతికిన గాస్టన్ తిసాందియే, తనకప్పుడు భయము కలుగలేదనియు, సంతోషమే కలిగెననియు వ్రాసెను.

35,000 అడుగుల ఎత్తున పీడనము హఠాత్తుగా పోయినచో చోదకునకు తెలివి నిలుచునది పావు నిమిషమునుండి అర నిమిషము వరకే. కావున అతడు మొదట మాస్కు ధరించి శుద్ధమైన ప్రాణవాయువును పీల్చవలెను. పిమ్మట సహచోదకునితో మాటాడి, అతడును మాస్కు ధరించెనో లేదో చూడవలెను. తరువాత నేలపైనున్న నియంత్రకులకు తెలిపి, కొండలు అడ్డములేనిచో 10,000 అడుగులకు దిగవలెను. కారణమును వెదకుట ఆ పిదపనే.

2005 ఆగస్టు 14న సైప్రసునుండి ఏథెన్సునకు బయలుదేరిన విమానమున ఈ క్రమము తప్పినది. పీడనపు మీట ఉండవలసిన స్థానమున లేదు. హెచ్చరిక మ్రోగగా, చోదకులు దానిని వేరొక లోపమునకు గుర్తుగా భావించి, మాస్కు ధరింపక నేలపైనున్న వారితో కారణము చర్చించుచుండిరి. అంతలో స్పృహ తప్పిరి. విమానము కొండను తాకి 121 మందియు మరణించిరి.

మన దేశమున బెంగుళూరులోని వైమానిక వైద్య సంస్థయందు చోదకులకు దీనినిగూర్చి శిక్షణ గలదు. గాలిని పలుచన చేయు గదిలో వారిని కూర్చుండబెట్టుదురు. ఇట్టి గదులలో చిన్న లెక్కలు చేయించుటయు కలదు. ఒకనికి వ్రేళ్లు తిమ్మిరెక్కును. ఒకనికి తల తేలికయగును. మరియొకనికి చూపు మసకబారును. తన గుర్తేదో తాను తెలిసికొనుటకే ఈ అభ్యాసము. మాస్కు ధరించిన కొలది క్షణములకు తెలివి కుదుటపడును. అప్పుడు తాను సరిగా చేసితినని తలచిన లెక్కలను, వంకరపోయిన అక్షరములను తానే చూచుకొనును.