లేసు అల్లేది ఒకరు – ప్రకటన వేసేది వేరొకరు
ఏ ప్రకటనను నమ్మాలి? దేనిని గుమ్మంలోనే ఆపాలి?

నరసాపురం: మధ్యాహ్నం వంటపని ముగిసి, అంట్లు తోముకున్న తరువాత నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు ప్రాంత గ్రామాలలో అరుగుల మీద ఒక దృశ్యం కనిపిస్తుంది. నలుగురైదుగురు స్త్రీలు ఒకచోట చేరతారు. ఒడిలో నూలు వుండ, చేతిలో కొక్కెం సూది. మాటలు మాటలే, పని పనే. ఒకామెకు కొత్త పువ్వు వస్తే పక్కనున్న ఆమె దానిని వెలుతురులో పట్టి చూసి, గొలుసులు లెక్కపెట్టి తానూ అల్లేస్తుంది. అందుకు ఎవరూ రుసుము అడగరు. తల్లి కూతురికి, అత్త కోడలికి, ఇరుగు పొరుగుకు నేర్పగా నేర్పగా నిలిచిన విద్య ఇది.

అయితే ఆ అరుగు మీదకు ఇప్పుడు మరొకటి కూడా వచ్చి కూర్చుంటున్నది. అది వ్యాపార ప్రకటన. కరపత్రంగా వస్తుంది, గోడమీద కాగితంగా వస్తుంది, సెల్‌ఫోనులో బొమ్మగా వస్తుంది. 'ఇంటివద్దే వుండి వేలు సంపాదించండి' అంటుంది ఒకటి. 'అసలైన నరసాపురం లేసు సగం ధరకే' అంటుంది మరొకటి. వీటిలో మంచివీ వున్నాయి, మోసకారివీ వున్నాయి. అన్నింటినీ నమ్మినా నష్టమే, అన్నింటినీ తరిమివేసినా నష్టమే.

నోరులేని పని

ఈ విద్య 19వ శతాబ్దంలో స్కాట్లండు నుంచి వచ్చిన క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి డెల్టాలో అడుగుపెట్టింది. మొదట క్రైస్తవ స్త్రీలు నేర్చుకున్నారు. తరువాత కాపు కుటుంబాల స్త్రీలు, ఆ పైన ఇతర కులాలవారు అందుకున్నారు. గోదావరి అవతల రాజోలు ప్రాంతానికీ పాకింది. పువ్వులు అల్లే 'చేతిపని' ఒకరిది, వాటిని కలిపి దుప్పటిగానో బల్లగుడ్డగానో చేసే 'అతుకుపని' మరొకరిది. నూలు, నమూనా తెచ్చి ఇచ్చేది ఏజెంటు. అల్లిన సరుకు తీసుకుని లెక్కకట్టి కూలి ఇచ్చేదీ అతడే. ఆ సరుకు ఏ దేశం వెళుతున్నదో, అక్కడ ఎంత పలుకుతున్నదో అల్లిన చేతికి తెలిసేది కాదు.

మరియా మీస్ అనే జర్మను సామాజిక శాస్త్రవేత్త 1970వ దశకం చివరలో ఈ గ్రామాలలో వుండి పరిశోధన చేశారు. ఆమె పుస్తకం 1982లో అచ్చయింది. రోజంతా వంగి కూర్చుని అల్లినా అప్పట్లో స్త్రీకి రూపాయి కూడా దక్కేది కాదని, వారిని పనివారుగా కాక తీరిక వేళ కాలక్షేపం చేసే ఇల్లాళ్ళుగా లెక్కించేవారని ఆమె రాశారు. ఎగుమతిదారులు మాత్రం మేడలు కట్టారు.

దీనికి కారణం ఒక్కటే. సరుకు గురించి కొనేవాడితో మాట్లాడేది అల్లిన స్త్రీ కాదు, వేరొకరు. ఎవరు చాటుకుంటే లాభం వారిదయింది. కనుక ప్రకటన అనేదే చెడ్డదని అనడానికి లేదు. మన స్త్రీలకు ఇన్నాళ్ళూ లేనిది అదే. ప్రకటన ఎవరి చేతిలో వుంది, ఏమి దాస్తున్నది అన్నదే ప్రశ్న.

మూడు రకాలు

వచ్చే ప్రకటనలను మూడు కుప్పలుగా పోయవచ్చు.

మొదటిది, అల్లినవారే వేసుకునేది. 'మా సంఘంలో పదిమందిమి వున్నాము, ఈ బల్లగుడ్డ మేము అల్లినది, ధర ఇంత' అని చెప్పుకోవడం తప్పు కాదు. దీనిని పదిమందికీ చెప్పి పెట్టడం తోటివారి ధర్మం.

రెండవది, మన పేరు పెట్టుకున్న యంత్రపు సరుకు. 2000 తరువాత చైనా యంత్రపు లేసు పోటీతో ఈ ప్రాంతపు పని దెబ్బతిన్నది. యంత్రపు లేసు అమ్ముకోవడం నేరం కాదు. దానికి నరసాపురం చేతిపని అని చీటీ అంటించడం నేరం. తేడా తెలుసుకోవడం మన ఆడవారికి కష్టం కాదు. చేతిలేసు ఒకే దారం గొలుసుగా నడిచినది. చివర ముడి విప్పి లాగితే కుట్టు వెంట కుట్టు వూడివస్తుంది. ఏ రెండు పువ్వులూ అచ్చు గుద్దినట్లు వుండవు. యంత్రపు సరుకులో పువ్వులన్నీ ఒక్కలాగే వుంటాయి, అంచుల వద్ద కోసిన దారపు పోగులు లేస్తాయి. సమస్య అల్లేవారిది కాదు, ఎక్కడో దూరాన వుండి బొమ్మ చూసి కొనే పట్నవాసిది. అతడు ఒకసారి మోసపోతే రెండవసారి మన అసలు సరుకును కూడా నమ్మడు.

మూడవది అన్నింటికన్నా ప్రమాదకరం. పని ఇస్తామంటూ ముందు డబ్బు అడిగేది. ఒక వూరిలో 40 మంది స్త్రీలు నూలుకోసం, పేరు నమోదుకోసం తలా 500 రూపాయలు కట్టారనుకుందాం. ప్రకటనదారుకు ఒక్క పూటలో 20,000 రూపాయలు ముడతాయి. నూలు వస్తుంది, అల్లి పంపుతారు. 'కుట్టు బిగువుగా లేదు' అని సరుకు తిప్పి పంపుతాడు. ఆపైన ఫోను మోగదు. పని ఇచ్చేవాడు కూలి ఇవ్వాలి గాని కూలివాని దగ్గర తీసుకోకూడదన్న చిన్న సూత్రం గుర్తుంటే ఈ ఉచ్చులో పడనక్కరలేదు.

కూలి చెప్పే ప్రకటననైనా లెక్కకట్టి చూడాలి. బల్లగుడ్డకు 1,200 రూపాయలు అంటే ఘనంగా వినిపిస్తుంది. అది రోజుకు ఐదేసి గంటలు కూర్చుంటే 12 రోజులకు పూర్తయ్యేదనుకుంటే మొత్తం 60 గంటలు. గంటకు 20 రూపాయలు. అందులో నూలు ఖర్చు కూడా మనదే అయితే మిగిలేది ఇంకా తక్కువ.

దాచుకుంటే విద్య పోతుంది

మరో చిక్కు నమూనాలది. వచ్చినవాడు మాటల్లో పెట్టి కొత్త పువ్వుకు ఫోటో తీసుకుంటాడు. మర్నాడు అదే బొమ్మ అతని ప్రకటనలో, అతని సరుకుగా కనిపించవచ్చు. ఇలా జరుగుతుందన్న భయంతో కొందరు కొత్త నమూనాను ఎవరికీ చూపకుండా కొంగు కింద దాచుకునే పరిస్థితి వస్తే, పోయేది ఒక్క నమూనా కాదు. ఈ పనికి బడి అరుగే, పుస్తకం పక్కింటామె చేతులే. చూపడం ఆగితే వచ్చే తరం అమ్మాయికి నేర్చుకునే చోటే వుండదు.

అందుచేత కట్టడి చేయవలసింది నేర్పడాన్ని కాదు, ప్రకటనను. నేర్చుకోవడానికి వచ్చినవారికి చూపడం వేరు, అమ్ముకోవడానికి వచ్చినవాడికి ఫోటో ఇవ్వడం వేరు.

సంఘంలో కట్టుబాటు

ఇందుకు పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. డ్వాక్రా సంఘం సమావేశంలో నాలుగు మాటలు అనుకుని తీర్మాన పుస్తకంలో రాసుకుంటే చాలు.

ఒకటి: అమ్మకం మాట, ఆర్డరు మాట ఏదైనా సమావేశం రోజున అందరి ఎదుట చెప్పాలి. పని చేసుకునే అరుగు దగ్గర ఒక్కొక్కరినీ పట్టుకుని చెప్పకూడదు.

రెండు: చెప్పేవారు తామెవరో, సరుకు చేతిదో యంత్రానిదో, ఇందులో తమకు కమీషను వుందో లేదో ముందే చెప్పాలి.

మూడు: ముందు డబ్బు అడిగే ఏ పనినీ సంఘంలో ప్రస్తావనకు రానివ్వకూడదు.

నాలుగు: అల్లిన ఆమె ఒప్పుకోనిదే ఆమె పనికి ఫోటో తీయకూడదు, ప్రకటనలో వాడకూడదు.

రాయడం తేలికే, పాటించడం దగ్గరే కష్టం వస్తుంది. కరపత్రం పట్టుకువచ్చేది బయటి మనిషైతే మొగమాటం లేదు. వచ్చేది లీడరమ్మ మరిదో, సాటి సభ్యురాలి తమ్ముడో అయినప్పుడు నోరు పెగలదు. 'మనవాడే కదా' అని సంతకం పెడతారు. పుస్తకంలో రాసి వుంటే 'నేను కాదన్నానా, సంఘం కట్టుబాటు' అని చెప్పి తప్పుకోవచ్చు. కట్టుబాటు వలన అసలు ప్రయోజనం ఇదే. అది అందరికీ ఒకే విధంగా వర్తించాలి. ఒకరికి సడలిస్తే రెండోవారిని ఆపలేరు.

చట్టం అండ

నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ పేరును ఈ ప్రాంతం వెలుపలి సరుకుకు, యంత్రపు సరుకుకు వాడడానికి ఇక వీలులేదు. అయితే గుర్తింపు వచ్చినంత మాత్రాన ప్రతి స్త్రీకీ ఫలితం దానంతటదే చేరదు. ఆ పేరు మీద అధికారికంగా అమ్ముకోవాలంటే చెన్నైలోని భౌగోళిక గుర్తింపుల కార్యాలయంలో అధీకృత వినియోగదారుగా పేరు నమోదు కావాలి. లోగడ 500 రూపాయలుగా వున్న ఈ రుసుమును 2020లో 10 రూపాయలకు తగ్గించారు. పది రూపాయల పనికి దారి చూపేవారు లేక పేరు ఒకరిది, పెత్తనం మరొకరిది కాకూడదు.

తప్పుదోవ పట్టించే ప్రకటనలపై 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వున్నది. దాని కింద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల రూపాయల వరకు, మళ్ళీ అదే తప్పు చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయవచ్చు. డబ్బు తీసుకుని సరుకును పొగిడేవారు ఆ సంగతి బయటపెట్టాలని 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. సంఘంలో రాసుకునే రెండవ మాటా ఇదే. సరుకు విషయంలో మోసపోతే వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. ఫోను ద్వారా డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కు చెప్పాలి. కరపత్రం, చెల్లించిన రసీదు, ఫోనులో వచ్చిన సందేశం పారవేయకుండా వుంచుకోవాలి.

జిల్లా అధికారులు చేయవలసింది కూడా వున్నది. పేరు నమోదుకు చెన్నై వైపు చూడనక్కరలేకుండా మండలంలోనే ఒకరోజు శిబిరం పెట్టి దరఖాస్తులు నింపించాలి. చేతిలేసుకు, యంత్రపు లేసుకు తేడా కొనేవారికి తెలిసేలా ప్రచారం చేయాలి. ఆ ప్రచారంలో అల్లిన స్త్రీ పేరు, వూరు కూడా వుంటే మరీ మంచిది.

తరతరాలుగా ఈ చేతులు అల్లుతూనే వున్నాయి. వాటి తరఫున ఇతరులే మాట్లాడుతూ వచ్చారు. తమ సరుకు గురించి తామే నాలుగు నిజం మాటలు చెప్పుకోవడం, అబద్ధం చెప్పేవాడిని గుమ్మంలోనే ఆపడం, ఈ రెండూ నేర్చుకున్ననాడు ఆ అరుగు మీద ఆట పాట, పని పాఠం యధాప్రకారం సాగుతాయి.