మాదాపూర్ బాల్కనీలో తొమ్మిది పంపు స్టవ్వులు: పొలానికి ఎంతవరకు పనికొస్తాయి?

ఈ వారం వీడియోలో పంట కనిపించదు, ఆవు కూడా కనిపించదు. మాదాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ బాల్కనీ, అందులో వరుసగా తొమ్మిది పాత ఇత్తడి స్టవ్వులు ఉంటాయి. ప్రకృతి వ్యవసాయం మధ్యలో ఈ స్టవ్వుల గోలేంటి అనుకోకండి. ఆ బాల్కనీ ఆయన మనలో ఒకరే. వారంలో ఐదు రోజులు సైబర్ టవర్స్ దగ్గర సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. శని, ఆదివారాలు వికారాబాద్ వైపు మూడెకరాల్లో కంది, జొన్న, కొంచెం కూరగాయలు, రెండు నాటు ఆవులు. పేరు రాయొద్దన్నారు. ఆఫీసులో ఇప్పటికే "స్టవ్వన్న" అని పిలుస్తున్నారట.

మొదటి స్టవ్వు వాళ్ల నానమ్మ ఇంట్లో అటక మీద దొరికింది. మిగతావి ఎర్రగడ్డ ఆదివారం సంతలో, పాతబస్తీ వైపు జుమ్మేరాత్ బజార్‌లో ఏరుకొచ్చినవి. "అన్నా, వాళ్లు స్టవ్వు అని అమ్మరు, ఇత్తడి అని తూకం వేసి అమ్ముతరు" అన్నారు నవ్వుతూ. కొండలెక్కే అలవాటున్న స్నేహితులతో టెంట్ వేసుకుని పడుకున్నప్పుడు వీటిలో చిన్నదొకటి వెంట పోతుంది. కాళ్లు విప్పేసి రేకు డబ్బాలో సర్దుకోవచ్చు. స్నేహితులు గ్యాస్ డబ్బా తెచ్చుకుంటారు, అయిపోతే ఆ డబ్బా చెత్తే. ఈయన స్టవ్వులో మళ్లీ నూనె పోసుకుంటారు.

ఈ స్టవ్వు పుట్టింది స్వీడన్‌లో. 1892లో స్టాక్‌హోమ్‌లో ఫ్రాన్స్ విల్హెల్మ్ లిండ్‌క్విస్ట్ అనే మెకానిక్ మసి పట్టని కిరోసిన్ స్టవ్వు తయారుచేశాడు. దాని పేరు ప్రైమస్. మన ఇళ్లలో ఏ కంపెనీ పంపు స్టవ్వునైనా "ప్రైమస్ స్టవ్వు" అనేవాళ్లు, అలా కంపెనీ పేరే వస్తువు పేరైపోయింది. 1953లో ఎవరెస్ట్ ఎక్కిన టెన్సింగ్, హిల్లరీల దగ్గర ఉన్నదీ ఇదే రకం. శిఖరానికి వెళ్లే రోజు పొద్దున హిల్లరీ బూట్లు రాయిలా గడ్డకట్టుకుపోతే ప్రైమస్ మంట మీదే వాటిని మెత్తబరుచుకున్నాడు. పాతవి పోగుచేసేవాళ్లకు ఇంకో సరదా ఉంది. ప్రైమస్ కంపెనీ 1911 నుంచి ట్యాంకు మీద ఏడాదికో అక్షరం కొట్టేది, దాన్నిబట్టి స్టవ్వు వయసు చెప్పేస్తారు.

ఇక ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం, ఎందుకంటే భయమైనా ధైర్యమైనా అక్కడే ఉంది. కింద ట్యాంకులో కిరోసిన్, మన తెలంగాణ మాటలో గ్యాస్‌నూనె. పైన బర్నర్. బర్నర్ కింద చిన్న గిన్నె ఉంటుంది, అందులో కాస్త స్పిరిట్ పోసి వెలిగించాలి. బర్నర్ గొట్టాలు బాగా కాలాక పంపు కొట్టాలి. గాలి ఒత్తిడికి నూనె పైకెక్కి, వేడి గొట్టాల్లో ఆవిరైపోతుంది. ఆ ఆవిరి సూదిమొనంత రంధ్రంలోంచి దూసుకొచ్చి, గాలితో కలిసి నీలం మంటగా మండుతుంది. బుస్సుమనే ఆ శబ్దం నలభై దాటినవాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. ఒకసారి అంటుకుంటే బర్నర్ తన వేడితో తానే నూనెను ఆవిరి చేసుకుంటుంది. ఆపాలంటే గాలి స్క్రూ వదిలేస్తే చాలు.

నన్నడిగితే ఈ స్టవ్వు గొప్పతనం మంటలో కంటే విప్పడంలోనే ఉంది. పంపులో తోలు వాషర్, మూతలో ఇంకో వాషర్, నూనె వెనక్కి రాకుండా ఆపే చిన్న వాల్వు, పైన నిపిల్. ఏది పాడైతే అది విప్పి మార్చుకోవచ్చు. నిపిల్‌లో మసి అడ్డం పడితే స్టవ్ పిన్నుతో ఒక్క పోటు. వీడియో కోసం మా ముందే ఒకటి మొత్తం విప్పి బిగించారు, ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు.

వాళ్లమ్మ మాత్రం ఆ బాల్కనీ వైపు రారు. "ఆ రాక్షసి ముంగట ఇరవై ఏండ్లు కూసున్న బిడ్డా. ఇగ నా వంటింట్లకు రానియ్య" అన్నారు మాతో. ఆమె మాటని తీసిపారేయలేం. "స్టవ్ పేలి వివాహిత మృతి" అన్న వార్త ఒకప్పుడు పేపర్లో రాని వారం ఉండేది కాదు. స్టవ్వు ఎప్పుడూ కోడలి మీదే ఎందుకు పేలుతుంది, అత్త మీద ఎందుకు పేలదు అని జనం గుసగుసలాడుకునేవాళ్లు. కట్నం చావులెన్నో ఆ స్టవ్వు పేరు చాటున దాక్కున్నాయి. 1983లో 498ఎ సెక్షన్, 1986లో కట్నం చావుల మీద 304బి సెక్షన్ రావడం వెనక ఉన్నది అలాంటి కాలిన శవాలే. అందుకే ఇది నాకు ఉత్త ముచ్చట వస్తువులా కనిపించదు. 1999లో దీపం పథకం కింద గ్యాస్ కనెక్షన్లు వచ్చినప్పుడు మన ఆడవాళ్లు ఈ స్టవ్వును మోజు తీరి వదిలేయలేదు, బతికాం రా దేవుడా అనుకుని వదిలారు. వారానికోసారి సరదాకి వెలిగించడం వేరు, రోజూ మూడు పూటలా చీర కొంగు సర్దుకుంటూ దాని ముందు కూర్చోవడం వేరు.

మరి నిజంగా ప్రమాదం ఎక్కడ? ఎక్కువగా బర్నర్ సరిగా కాలకముందే పంపు కొట్టడంలో. నూనె ఆవిరి కాకుండా నూనెగానే పైకి చిమ్మి, మంట ఎత్తుగా లేస్తుంది. నైలాన్ బట్ట దగ్గరుంటే ఇక చెప్పక్కర్లేదు. మండుతుండగా మూత విప్పి నూనె పోయడం రెండోది. కిరోసిన్ స్టవ్వులో పెట్రోలు, లేదా పెట్రోలు కలిసిన కిరోసిన్ పోయడం అన్నిటికంటే ఘోరం. ఈయన కొత్తగా కొన్న ప్రతి స్టవ్వునీ ముందు ఖాళీగానే గాలి కొట్టి, బకెట్ నీళ్లలో ముంచి చూస్తారు, సైకిల్ ట్యూబ్ పంక్చర్ చూసినట్టు. బుడగ వచ్చిన చోట మాటు వేయించాలి. ట్యాంకుకే పగులు ఉంటే దాన్ని మళ్లీ వెలిగించరు, షెల్ఫ్‌లో బొమ్మలా పెడతారు.

ఇప్పుడు చెప్పేది మనవాళ్లు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఇత్తడి స్టవ్వును పశువుల కొట్టంలో గానీ, జీవామృతం డ్రమ్ముల పక్కన గానీ పెట్టకండి. మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా ఇత్తడిని పగలగొడుతుంది. పాత రోజుల్లో బ్రిటిష్ సైన్యం మన దేశంలోనే ఇత్తడి తూటాలను వానాకాలం గుర్రపు శాలల్లో దాచితే, వాటికి వాటంతటవే పగుళ్లు వచ్చాయి. గుర్రాల మూత్రం నుంచి లేచే అమ్మోనియా, దానికి తోడు వానాకాలపు చెమ్మ, ఇవే కారణమని 1921లో తేల్చారు. లోహం లోపల బిగువు ఉన్నచోట ఈ పగులు వస్తుంది, పైకి సన్నని వెంట్రుకలా కనిపిస్తుంది. ఒత్తిడి పట్టే ట్యాంకుకి అలాంటి పగులు వస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. ఇదే కారణంగా అగ్నిఅస్త్రం కాగబెట్టడానికి కూడా ఈ స్టవ్వు వాడొద్దు. ఆవు మూత్రం మరిగేటప్పుడు ఆ ఘాటు అంతా కింద ఇత్తడి మీదే పడుతుంది, పొంగితే మరీను. అంత పెద్ద కుండకి మూడు రాళ్ల పొయ్యే సరి. ఈయన చేసేదీ అదే.

ఇంతకీ పొలంలో దీని పని ఎక్కడంటే రాత్రి కాపలాకి. జొన్న గింజ పాలు పోసుకునే రోజుల్లో అడవి పందుల కోసం మంచె మీద ఉంటారు కదా, వాన పడి కట్టెలు తడిసిన రాత్రి అర లీటరు నీళ్లు కాగాలంటే ఇది చాలా నయం. మంచె మీద మాత్రం వద్దు, కింద నేల మీదే, గాలికి అడ్డంగా రేకు పెట్టుకుని వెలిగించాలి. పొడి గడ్డి దగ్గరలో ఉండకూడదు. రిజర్వ్ ఫారెస్టులోకి వెళ్లి వెలిగిస్తే అటవీ చట్టం ఊరుకోదు. కిరోసిన్‌తో రైలెక్కడం కూడా నేరమే.

ఇక నూనె సంగతి. రేషన్ షాపుల్లో నీలం రంగు కిరోసిన్ పోసిన రోజులు పోయాయి, బయట దొరకడమూ కష్టమే. దొరికిన సీసాను ఈయన చాలా పొదుపుగా వాడతారు. డీజిల్ పోస్తే మండుతుంది కానీ మసి కమ్మి నిపిల్ పూడుకుపోతుంది. కాబట్టి ఎవరైనా నాలుగు డబ్బులు పెట్టి కొత్తగా కొనుక్కోమని నేను చెప్పను. ఇంట్లో అటక మీద ఉంటే మాత్రం పాత సామాన్ల వాడికి తూకానికి వేసేముందు ఒకసారి దించి చూడండి.

పంపు కొడితే గాలి పట్టడం లేదంటే చాలాసార్లు తోలు వాషర్ ఎండిపోయి ఉంటుంది, అంతే. దాన్ని తీసి రాత్రంతా ఆముదంలో నానబెట్టండి. కిర్రు చెప్పులకి ఆముదం పట్టించేవాళ్లు, గుర్తుందా? అదే వైద్యం. పొద్దున వేళ్లతో అంచు కొంచెం వెడల్పు చేసి, గిన్నె ఆకారంలో వంచి, బోర్లించకుండా లోపలికి ఎక్కించాలి. వీడియో చివరి నాలుగు నిమిషాల్లో ఈ పని నెమ్మదిగా చూపించారు. అంచు మడత పడకుండా వేలు ఎక్కడ పెట్టారో గమనించండి.